బామ్ డబ్బా తేని దుబాయ్ మనిషి

రహస్య భేటీకి సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డును చీఫ్ హన్మండ్లు కావాలనే ఎంచుకున్నాడు. ఆ చప్పుడులో ఏ మైక్రోఫోనూ పనిచేయదు. ఏజెంట్ దివాకర్‌కు చీఫ్ మాట సగమే వినబడుతోందన్నది వేరే సంగతి.

"కోరుట్ల ప్యాక్‌హౌస్. మామిడి కంటైనర్. సాయంత్రం దుబాయ్‌కి బయలెల్తది."

"మామిడికాయలకు ఏజెంటా సార్?"

"డబ్బాలకు. కాయ విడిచే గ్యాస్‌తోనే పక్క కాయ మాగుతది, మురుగుతది. కొత్త డబ్బాల గాలికి రంధ్రాలున్నయ్, గా గ్యాస్‌ను పీల్చే పొట్లమున్నది. సముద్రం దాటినంక సుత కాయ గట్టిగుంటది. గట్ల చేరొద్దని ఒక విదేశీ ముఠా మనిషిని పంపింది."

"ఎవరు?"

"తెల్వదు. మనీషా అని డబుల్ ఏజెంట్ అక్కడుంటది. కోడ్ అడుగు. ఇయ్యాల ఎవరి దిక్కున్నదో మాక్కూడ తెల్వదు."

పొద్దున్నే దివాకర్ హమాలీ వేషంలో ప్యాక్‌హౌస్‌లో దిగాడు. చేతికి గ్యాస్‌ను పసిగట్టే వాచీ. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో నల్ల కళ్లద్దాలతో మనీషా కనబడింది.

"తొడిమె ఉంచిన్రా?" కోడ్ అడిగాడు.

ఆమె జవాబివ్వకుండా వెళ్లిపోయింది. మధ్యాహ్నం దాకా దివాకర్ ఆమె వెనకే తిరిగాడు.

డబ్బాలు నింపుతున్న అంజవ్వ గమనించింది. "మూటలు మొయ్యవేంది బిడ్డా? పోయినేడు మా కాయ సగం తొవ్వలనే మురిగింది. గీసారి సుత గట్లయితే మా ఆయన తోట నరికేస్తనంటున్నడు." ఆమె గొంతులో భయం దాగలేదు.

"పొట్లాలు ఎవరు తెచ్చిన్రు అవ్వా?"

"గా సంజీవ్ సారు. ఏండ్ల సంది దుబాయ్‌ల ఉన్నడట, మొన్ననే అచ్చిండట." ఆమె మూతి తిప్పింది. "చేతులూపుకుంట అచ్చిండు. ఒక్కలకన్న తలనొప్పి బామ్ డబ్బ తేలే."

దివాకర్ ఉలిక్కిపడ్డాడు. దుబాయ్ నుంచి వచ్చినవాడు బామ్ పంచకుండా ఈ గడ్డ మీద వాడకట్టు దాటగలడా? వాడు దుబాయ్ చూడనేలేదు.

బయట డ్రైవర్ కంటైనర్ తలుపు మూస్తున్నాడు. దివాకర్ అడ్డుపడి ఒక డబ్బా చించాడు. వాచీ ఎర్రగా వెలిగింది. పొట్లంలో ఉన్నది గ్యాస్‌ను పీల్చే మందు కాదు, కాయను తొందరగా మాగబెట్టే కార్బైడ్.

"డబ్బ కింద పెట్టు." వెనక సంజీవ్, చేతిలో పిస్టల్.

అతని పక్కకు మనీషా వచ్చింది. దివాకర్ ఆశ వదులుకున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి సెంటు సీసా తీసి, సంజీవ్ కళ్లలోకి కొట్టింది. పిస్టల్ కిందపడింది.

"తొడిమె లేకుంటే సొన కారుతది," తాపీగా కోడ్‌కు జవాబు చెప్పింది.

"పొద్దున్నే చెప్పొచ్చు కద."

"పొద్దున ఇంకా వాళ్ల దిక్కున్న."

అసలు పొట్లాలు సంజీవ్ కారు డిక్కీలో దొరికాయి. డబ్బాలు నింపే ఆడవాళ్లంతా వాటిని విప్పి పొట్లాలు మార్చాకే సీల్ పడింది.

కంటైనర్ వెంట దుబాయ్ వెళ్లింది దివాకరే. అక్కడ మొదటి డబ్బా తెరిచి కాయను నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. వెంటనే అంజవ్వకు ఫోన్ చేశాడు.

"ఇగ మా ఆయన తోట నరకడు బిడ్డా," అంది ఏడుస్తూ.

తిరుగు ప్రయాణంలో చీఫ్ ఇచ్చిన ట్రాన్స్‌మిటర్‌కు సూట్‌కేసులో చోటు దొరకలేదు. నిండా బామ్ డబ్బాలే.