పాట నాది, ఉత్తరం ఆమెది

వేలంపాటలో సుత్తి పడింది. ఉత్తరం నాదైంది. నేనింకా కుర్చీలో సర్దుకుంటుండగానే వెనక వరసలో ఒకమ్మాయి లేచి నిలబడింది.

"మ్యూజియం తరఫున ముందు హక్కు వాడుకుంటున్నాం," అంది, కొట్లో రొట్టె అడిగినంత మామూలుగా.

మా ఫ్రాన్సులో ఇదొక చట్టం. అందరూ పాట పాడి అలిసిపోయాక ప్రభుత్వం మనిషి లేచి, ఆఖరి పాట ధరకే సరుకు పట్టుకుపోవచ్చు. గెలిచినవాడు ఇంటికి పోవచ్చు.

మెట్ల దగ్గర ఆమెను అందుకున్నాను. బయట వాన. మా ఊరు ద్యెప్‌లో అది మామూలే.

"మీరసలు పాటే పాడలేదు కదండీ."

"అక్కర్లేదండి. లేచి నిలబడటమే నా పని."

"ధర పెంచింది నేను."

"అవును. కాస్త తక్కువ పెంచాల్సింది. మాదసలే చిన్న మ్యూజియం."

ఆమె పేరు సొలెన్. ఉత్తరం రాసింది ఒరేలియన్ త్రెసార్ అనే పేరుమోసిన చిత్రకారుడు. నార్వే వెళ్లి, ఇక్కడ తను అద్దెకున్న ఇంటావిడకి రాశాడు. ఆవిడ మా అమ్మమ్మ ఒదీల్‌కి నాయనమ్మ. ఆయన చేత్తో రాసిన ఉత్తరాలు దొరకడమే అపురూపం. విషయం మాత్రం ఇంతే. ఇక్కడ మంచు, నిన్నా మంచే, వెన్న మన వెన్నలా లేదు, నా కుక్కకి తిండి పెట్టండి. కింద కుక్క బొమ్మ.

అమ్మమ్మ చిన్నప్పుడు అది వంటింటి గోడ మీద ఉండేదట. వాళ్ల నాన్న అమ్మేశాడు. మేకు ఇంకా అలాగే ఉంది. పోయేలోగా ఆ ఉత్తరాన్ని మళ్లీ అక్కడ చూడాలని ఆవిడ కోరిక.

జరిగింది చెప్పాను. "ఎవర్తిరా అది? ఇంటికి తీసుకురా. తిట్టాలి," అంది అమ్మమ్మ.

తీసుకురావాలంటే ముందు పరిచయం కావాలి. ప్రతి గురువారం మా పాల కొట్టు మూసి మ్యూజియానికి వెళ్లేవాణ్ణి.

"మళ్లీ ఉత్తరం కోసమేనా?"

"కుక్కని చూద్దామని."

"చేతిలో ఏంటది?"

"వెన్న. మా కొట్టుది. మీకే."

"తినే వస్తువులు లోపలికి తేకూడదు," అని తీసుకుని సంచిలో వేసుకుంది.

చలికాలమంతా అలాగే గడిచింది. ఆమె నవ్వలేదు, నేను చెప్పలేదు. ఇది ప్రేమేనని నాకు బాగానే తెలుసు.

ఒకరోజు, "వెలుతురికి సిరా వెలిసిపోతోంది. ఉత్తరాన్ని కొన్నేళ్లు చీకటి గదిలో పెడుతున్నాం. ఇక మీకిక్కడ పనేం ఉండదు," అంది.

"ఉండదు," అన్నాను. ఇంత తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. ఎలాగో కూడగట్టుకుని, "ఆదివారం భోజనానికి రండి. మా అమ్మమ్మ మిమ్మల్ని తిట్టాలంటోంది," అన్నాను.

"వస్తాను," అంది.

వచ్చింది. చంకలో ఫ్రేము కట్టిన నకలు. అమ్మమ్మ దాన్ని ఆ మేకుకే తగిలించి, చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుంది. తిట్టడం మర్చిపోయింది. అందరం భోజనానికి కూర్చున్నాం.

"ఒరేయ్ తిబో, ఆపిల్ పళ్లతో సైడర్ చేసేవాళ్లమ్మాయి బెర్తీల్ నిన్ను వేసవి డాన్సుకి రమ్మంటోంది. వాళ్ల తాత ఒక పీపా సైడర్ పంపుతాడట. ఒప్పుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరమా?"

అడిగింది నన్ను, చూసింది సొలెన్‌ని. నేను నోరు తెరిచేలోగానే అమ్మమ్మ గరిటెతో బల్ల మీద ఒక్కటి కొట్టింది.

సొలెన్ లేచి నిలబడింది.

"ముందు హక్కు వాడుకుంటున్నాను."

"మ్యూజియం తరఫునా?" అడిగింది అమ్మమ్మ.

"నా తరఫున."

"మరి ధర?"

"ఆఖరి పాట ధరే. ఒక పీపా సైడర్."

"సరే, కూర్చో. చల్లారిపోతోంది," అంది అమ్మమ్మ.

సొలెన్ కూర్చుని నా వైపు తిరిగింది. "ఆ వెన్న ఇటియ్యి," అంది. అప్పటిదాకా నన్ను అండీ అనేది. వెన్న ఇచ్చాను.