ఫారంలో లేని గడి

“గోదారి ఎంతుంది?” అంది ఫోన్లో గొంతు.

“పదకొండు అడుగులండి. ఇంకా లాగేస్తోంది.”

కోడ్ కలిసింది. రాజమండ్రి బస్టాండులో సీసీ కెమెరాల మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ తబితకి చీఫ్ శశిభూషణ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

“ఆనకట్ట పేరు ఫోన్లో వద్దు, లొకేషన్ పంపాను. గేట్ల పాస్‌వర్డ్ విదేశీ ముఠా చేతికి పోయింది. ఇచ్చింది ఆపరేటర్ లాజరు. మధ్యాహ్నం పన్నెండింటికి గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. దిగువ లంకల్లో నాలుగు వేలమంది ఉన్నారు. కంప్యూటర్‌ని కాదని గేట్లాపే పాత చేతిబ్రేకు ఒకటుంది. అది వేయడం ఇప్పుడు వాడొక్కడికే వచ్చు. ప్రొఫైల్ చదువు, వాడి చేత వేయించు.”

ప్రొఫైల్ ముప్పై పేజీలు. భార్య పోయింది, ప్రమోషన్ రాలేదు, టీవీ రిపోర్టర్‌నని చెప్పుకునే సహస్ర వలలో పడ్డాడు. సహస్ర డబుల్ ఏజెంట్. మనవైపు పనిచేసేది మాత్రం ఆదివారాలే.

పదకొండూ నలభై ఎనిమిది. గేట్ల క్యాబిన్. తబిత చేతిలో అబద్ధం వింటే వణికే స్క్రూడ్రైవర్.

“ఒంటరితనం, కడుపుమంట, ఆ పిల్ల నవ్వు. అంతేనా లాజరుగారూ?”

“అన్నీ నిజమేనండి.” స్క్రూడ్రైవర్ కదల్లేదు. “కానీ అందుకని ఇవ్వలేదండి.”

తబితకి ఒళ్లు మండింది. ఏడాదిపాటు తవ్వి ఆ ప్రొఫైల్ రాసిన ఢిల్లీవాళ్లలో ఒక్కడూ ఈయన్ని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు.

“మరెందుకిచ్చారు?”

“గేటెత్తేముందు మూడు సైరన్లు కొట్టాలండి. అది వినే లంకలోళ్లు గొడ్లతో గట్టెక్కుతారు. పోయినేడు గట్టుమీద పెద్దోళ్ల మీటింగు. మైకుకి అడ్డమని, సైరన్ లేకుండా ఎత్తమని ఆర్డరొచ్చింది. ఎత్తింది నేనేనండి. మా చెల్లి జ్ఞానమ్మ గట్టెక్కలేదు. ఎంక్వయిరీలో ‘కారణం: అధిక వర్షపాతం’ అని రాసేరు. ఆ ఆర్డరు సిస్టమ్‌లోనే ఉంది. టీవీలో చూపిస్తానంది ఆ అమ్మాయి. అందుకిచ్చానండి.”

“టీవీ లేదు, ఏం లేదు. పన్నెండింటికి వాళ్లు గేట్లెత్తేస్తున్నారు. సైరన్ లేకుండా.”

లాజరు పరిగెత్తి సైరన్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

“ముందు బ్రేకు వెయ్యండి!”

“ముందు సైరనండి.”

మూడుసార్లూ పూర్తిగా మోగించాకే బ్రేకు మీద పడ్డాడు. పన్నెండు కొట్టింది. గేట్లు జానెడు లేచి ఆగిపోయాయి.

సాయంత్రానికి సామర్లకోట జంక్షన్లో సహస్ర దొరికింది. లాజరు చేతులకి బేడీలు పడ్డాయి.

“మరి ఆ ఆర్డరు సంగతేంటి సార్?” అంది తబిత.

“అది మన కేసు కాదు,” అన్నాడు శశిభూషణ్.

ఆన్‌లైన్ రిపోర్టులో ‘నిందితుడి ప్రవర్తనకు కారణం’ అని ఒక గడి. ఒంటరితనం, అసంతృప్తి, వ్యామోహం: మూడే ఆప్షన్లు. తబిత జ్ఞానమ్మ పేరు టైపు చేసింది. ఫారం తీసుకోలేదు. నాలుగోసారి కూడా తీసుకోకపోయేసరికి, తనమీద తనకే రోత పుడుతుండగా, ‘ఒంటరితనం’ నొక్కింది.

‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అంది సిస్టమ్. వర్షపాతం అని రాసినవాడికి కూడా ఇదే చెప్పి ఉంటుంది.