మొలాసిస్ డ్రమ్ములో దొంగ

చెరకుతోటల ఊరు ఇంగమ్‌లో వానలు వెలిసిన మర్నాడే సాల్వో బెర్టోని వచ్చి డిటెక్టివ్ మావిస్ ట్రిలోర్ తలుపు దబదబా బాదాడు.

"మా తాత ట్రాక్టరు కార్బ్యురేటర్ పోయిందమ్మా! తీసింది క్లారీ మడ్జే. షెడ్డు రెండో తాళంచెవి వాడి దగ్గరే ఉండేది, నిన్న లాగేసుకున్నా. సాయంత్రం పాత ట్రాక్టర్ల సంఘంలోంచి వాడి పేరు కొట్టేస్తున్నారు. ఈలోగా నా సరుకు తేల్చండి."

మావిస్ తన సహాయకుడు నెవిల్‌తో షెడ్డుకు వెళ్లింది. వానలకు ముందు సాల్వో తుప్పు సామానంతా, తుప్పు వదలాలని మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కలిపిన నీళ్ల డ్రమ్ములో వేసి మూత పెట్టాడు.

"కార్బ్యురేటర్‌కీ తుప్పేనా?" అంది మావిస్.

"పిండి చల్లినట్టు తెల్లగా పట్టేసింది."

నిన్న మూత తీస్తే గేర్లూ బోల్టులూ శుభ్రంగా వచ్చాయి, అదొక్కటే లేదు. నెవిల్ చేత్తో దేవితే అడుగున కార్బ్యురేటర్ లోపలి ఇనుప చువ్వ, మరలు, పెట్రోలు చిమ్మే ఇత్తడి జెట్టు దొరికాయి.

"దొంగ ఇక్కడే విప్పాడు మేడమ్!"

"మొత్తంగా పట్టుకుపోక, ఈ మడ్డిలో చెయ్యి పెట్టి మరలు విప్పుతాడా? కాస్త ఆలోచించు నాయనా!" మావిస్ విసుక్కుంది.

ఇంటికెళ్లి అడిగితే క్లారీ మండిపడ్డాడు. "సాల్వో ఊళ్లో లేనప్పుడు షెడ్డులో వాడి కుక్కకి తిండి పెట్టడానికెళ్లా. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి!"

ఇరుగుపొరుగు అందరూ అదే చెప్పారు. ఎక్కడా ఒక్క అబద్ధం దొరకలేదు. అందరూ నిజమే చెబుతుంటే దొంగనెలా పట్టేది? నెవిల్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం సంఘం హాల్లో అందరి ముందూ మావిస్ ఆ ముక్కల్ని బల్లమీద పెట్టింది.

"ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది. మొలాసిస్ ఆ తుప్పును నీళ్లలోకి లాగేస్తుంది, ఇనుమును దాదాపు ముట్టుకోదు. తెల్లగా పిండి పట్టేది అల్యూమినియం. దాన్ని మాత్రం మొలాసిస్ తినేస్తుంది. వానాకాలమంతా నానేసరికి కార్బ్యురేటర్ ఒళ్లు కరిగిపోయింది, లోపలి ఇనుమూ ఇత్తడీ మిగిలాయి. దొంగ ఎవరూ లేరు. దాన్ని డ్రమ్ములో వేసిన చెయ్యి మీదే, సాల్వో."

సాల్వో తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి క్లారీ ముందు పెట్టాడు. "ఒరేయ్, పొరపాటైపోయిందిరా..."

క్లారీ దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు.

"కుక్క మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఇకమీదట నువ్వే వెళ్లి పెట్టుకో."

క్లారీ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. కేసు తేలింది. అయినా నెవిల్‌కి చప్పట్లు కొట్టాలనిపించలేదు.