చివరి బెంచీలో అనుపమ

ఒకే అమ్మాయి ఒకే పాఠాన్ని రోజుకి మూడుసార్లు వింటుంటే ఏ మాస్టారికైనా అనుమానం వస్తుంది. ప్రమోద్‌కి మాత్రం ఆశ కలిగింది.

రెండువేల ఆరు, జూలై. వానకి అమీర్‌పేట గోడల మీద కంప్యూటర్ కోచింగ్ పోస్టర్లు తడిసి, జావా మీదికి డాట్‌నెట్, డాట్‌నెట్ మీదికి టెస్టింగ్ జారిపోతున్న రోజులు. ప్రమోద్ మూడో అంతస్తులో జావా చెబుతాడు. పొద్దున ఏడింటికి, తొమ్మిదింటికి, సాయంత్రం ఐదింటికి. మూడు బ్యాచ్‌లకీ ఆమె వస్తోంది. చివరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చుంటుంది. నోట్సు రాయదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అతణ్ణే చూస్తుంది. అతను బోర్డు వైపు తిరిగితే ఆ చూపు వీపుకి తగులుతున్నట్టే ఉండేది.

"ఇంకా అర్థం కాలేదా గురూ?" అన్నాడు దుర్గేష్. పక్కగదిలో టెస్టింగ్ చెబుతాడు, హాస్టల్లో ప్రమోద్ రూమ్మేట్. "ఇన్‌హెరిటెన్స్ పాఠం మూడుసార్లు వినాలంటే పిచ్చైనా ఉండాలి, ప్రేమైనా ఉండాలి. చూస్తే పిచ్చిపిల్లలా లేదు."

"ఊరుకో. పేరు కూడా తెలీదు నాకు."

"అనుపమ. ఎర్రగడ్డ నుంచి వస్తుంది. రిజిస్టర్ చూశాన్లే."

ఆ సాయంత్రమే ప్రమోద్ పంజాగుట్ట వెళ్లి నీలం చొక్కా కొనుక్కున్నాడు. రాత్రి పడుకునేముందు నాలుగు జోకులు తయారుచేసుకున్నాడు. మర్నాడు గొంతు కాస్త గంభీరంగా మార్చి, జుట్టు వెనక్కి తోసుకుంటూ పాఠం చెప్పాడు. క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం మధ్యలో లేచి వెళ్లిపోయింది.

ఆ మర్నాడూ అంతే. మూడోరోజు ఆమె వెనకాలే వెళ్లి మెట్ల మీద ఆపాడు.

"ఏవండీ, నా క్లాసు నచ్చడం లేదా?"

"నిజం చెప్పాల్నా సార్?"

"చెప్పండి."

"సోమవారం దాంక మస్తు చెప్పిండ్రు. మంగళవారం నుంచి యాక్టింగ్ చేస్తున్నరు. గది సుత మంచిగ చేస్తలేరు."

ప్రమోద్ మొహం ఎర్రబడింది. అది చూసి ఆమె నొచ్చుకున్నట్టుంది. "ఫికర్ చేయకుండ్రి సార్. చాయ్ తాగుదాం పాండ్రి, అంతా చెప్త."

ఇరానీ హోటల్లో, తడిసిన గొడుగుల మధ్య చెప్పింది. ఆమె నాటకాలు వేస్తుంది. శ్రీనగర్ కాలనీలో స్వరాజ్యం మేడమ్ దగ్గర రెండేళ్లుగా నేర్చుకుంటోంది. ఇప్పుడు వేస్తున్నది ముప్పై ఏళ్లుగా పెద్దవాళ్లకి అక్షరాలు దిద్దించే టీచరమ్మ పాత్ర. వాళ్ల నాన్న పోచయ్య ఆర్టీసీ డ్రైవరు. ఉద్యోగం వస్తుందని ఆయనే జావాలో చేర్పించాడు. నాటకం సంగతి ఇంట్లో తెలియదు.

"మొదటి రిహార్సల్ల మాట మంచిగొస్తది సార్. నాలుగోసారికి సచ్చిపోతది. మీరేమో పొద్దున ఏడింటికి చెప్పిందే సాయంత్రం చెప్తరు. అయినా అప్పుడే మీకు తెలిసినట్టు కండ్లు మెరుస్తయి. ఎట్ల?"

ఆశ చల్లారిపోయిన చోట ఏదో వింత సంతోషం మొదలైంది. అతన్ని ఇంతవరకూ ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు.

"తెలీదండీ. నాకు మూడోసారే కానీ... ఎదురుగా కూర్చున్నవాళ్లకి మొదటిసారి కదా."

ఎన్నడూ నోట్సు రాయని అమ్మాయి పెన్ను తీసి ఆ మాట అరచేతిలో రాసుకుంది.

తరవాతి శనివారం ఆమె పిలిస్తే రిహార్సల్‌కి వెళ్లాడు. ఏడుపులు, పెడబొబ్బలు ఉంటాయనుకున్నాడు. అలాంటివేమీ లేవు. కింద పడిన సుద్దముక్కని అనుపమ వంగి తీసుకోవాలి. అంతే. గంటసేపు అదే.

"నువ్వు అనుపమలాగే వంగుతున్నావమ్మా," అంది స్వరాజ్యం, కుర్చీలోంచి కదలకుండా. "ఆవిడకి యాభై ఏళ్లు. మోకాలు నొప్పి. ఆ నొప్పి మాకు చూపించకు, నువ్వు దాచుకో. దాస్తుంటే మాకే కనిపిస్తుంది. మళ్లీ."

ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో అనుపమ వంగినప్పుడు, ప్రమోద్ తెలియకుండానే లేచి నిలబడ్డాడు. సుద్దముక్క అందిద్దామని! స్వరాజ్యం మొదటిసారి నవ్వింది. "ఇప్పుడొచ్చింది," అంది.

ఆ రోజు నుంచి ప్రతి రిహార్సల్ తరవాతా ఇద్దరూ శ్రీనగర్ కాలనీ నుంచి పంజాగుట్ట దాకా నడిచేవాళ్లు. సన్నటి తుంపర్లో వీధిదీపాలు పసుపు నీళ్లలా కరిగి రోడ్డంతా పారుతున్నట్టుండేవి. బస్సు ఎక్కేవాళ్లను ఆమె చూపించేది. "గా పెద్దాయనను చూడుండ్రి. సీటు దొరకదని తెల్సు, అయినా తొందరపడుతుండు. ఎందుకంటరు?" ప్రమోద్‌కి ఊరు కొత్తగా కనిపించసాగింది. ఇక్కడికొచ్చిన ఆరేళ్లుగా తను మనుషుల్ని చూడలేదు, వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుపోయాడంతే.

ఒక సాయంత్రం వాన పెద్దదైంది. పంజాగుట్ట బస్టాపులో చిక్కుకున్నారు.

"సార్, ఒకటి అడుగుత. క్లాసు అయినంక బోర్డు తుడిచే ముందు ఒక్కపారి పైనుంచి కిందిదాంక చూస్తరు. ఎందుకు?"

ప్రమోద్ ఆమె వైపు తిరిగాడు. అలా చూస్తాడని తనకే సరిగ్గా తెలియదు.

"నాతో చదువుకున్నవాళ్లంతా కంపెనీల్లో ఉన్నారు. వాళ్ల ప్రోగ్రాములు ఎక్కడెక్కడో నడుస్తున్నాయి. నాకు ఏడు ఇంటర్వ్యూల్లో రాలేదు. నేను రాసేది గంటకోసారి తుడిచేస్తాను. ఒక్కటీ ఎక్కడా నడవదు." నవ్వాలని చూశాడు, నవ్వు రాలేదు. "ఎవరికీ చెప్పకండి."

ఆమె అతని చేతి పక్కనే తన చెయ్యి పెట్టింది. తాకలేదు. వాన తగ్గేదాకా అలాగే నిలబడ్డారు.

ఆగస్టులో పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో మొదటి ప్రదర్శన జరిగింది. జుట్టుకి తెల్ల పౌడరు, జరీ లేని చీర. అక్కడ అనుపమ లేదు, యాభై ఏళ్ల టీచరమ్మ ఉంది. ప్రమోద్ మైమరచి చూస్తున్నాడు. చివరి రంగంలో విద్యార్థులంతా వెళ్లిపోయారు. ఆమె తడిగుడ్డ తీసుకుంది. బోర్డు ముందు ఆగింది. పైనుంచి కిందికి, ఒక్కో అక్షరాన్నీ చూసింది. తుడిచింది.

హాల్లో ఎవరో వెక్కి ఏడ్చారు. ప్రమోద్ లేచి బయటికి నడిచాడు. నలుగురి ముందూ ఎవరో తన చొక్కా విప్పేసినట్టనిపించింది.

మర్నాడు ఏడింటి క్లాసు కంటే ముందే ఆమె మెట్ల మీద నిలబడి ఉంది.

"అడిగి పెట్టాల్సింది. అడగలే. తప్పు నాదే."

"ఎవరికీ చెప్పొద్దన్నాను. మీరు మాటల్లో చెప్పలేదు, అంతే తేడా." అతను ఒక మెట్టు ఎక్కి ఆగాడు. "మీకు నేను పాత్ర కోసమే కావాలా?"

"మొదట్ల గందుకే," అంది. తరవాతి మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగింది. "వచ్చే ఆదివారం ఇంకో షో ఉన్నది. తీసేస్త. మీరు రాకున్నా తీసేస్త."

ఆ వారమంతా చివరి బెంచీ ఖాళీగా ఉంది. మూడు బ్యాచ్‌లలోనూ. దుర్గేష్ కూడా జోకులు మానేశాడు.

ఆదివారం వెళ్లకూడదనుకుంటూనే ప్రమోద్ వెళ్లాడు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చివరి రంగంలో ఆమె తడిగుడ్డ తీసుకుంది, బోర్డు వైపు చూడకుండా గబగబా తుడిచేసింది. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ ఆ టీచరమ్మ ముప్పై ఏళ్ల బతుకులోంచి ఏదో జారిపోయింది. ప్రమోద్‌కి తెలుస్తోంది. తన గురించి కాదు, ఆవిడ గురించి బాధేసింది.

తెర వెనక గదిలోకి వెళ్లాడు. ఆమె అద్దం ముందు జుట్టులోని పౌడరు దులుపుకుంటోంది.

"ఎందుకు తీసేశారు?"

"మీ బాధ మీది. దాన్ని నేను అడగకుండ తీసుకున్న."

"మళ్లీ పెట్టండి."

ఆమె తిరిగి చూసింది.

"మొన్న కోపంతో వెళ్లిపోయానని అనుకున్నాను. కోపం కాదు, భయం. ఆరేళ్లు ఎవరికీ కనపడనిది మీకు కనపడింది. ఇవాళ చూస్తుంటే... అది నా ఒక్కడి బాధ కాదనిపించింది. ఆ టీచరమ్మకి కావాలది."

అనుపమ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాది సుత గంతే గద సార్. రెండు గంటలు ప్రాణం పెట్టి చేస్తం, పర్దా పడంగనే ఏం మిగలదు. మీరు బోర్డు సంగతి చెప్పిననాడు నా సంగతే చెప్తున్నరనిపించింది. గందుకే ఆపుకోలేకపోయిన."

"మొదట పాత్ర కోసమే అన్నారు. తరవాత?"

"తరవాత పాత్ర పూర్తయింది. అయినా మూడు బ్యాచ్‌లకూ వచ్చిన." కన్నీళ్లలోనే నవ్వింది. "జావా మీద గంత ప్రేమెవ్వరికుంటది?"

"నాక్కూడా లేదిప్పుడు," అన్నాడు ప్రమోద్. "అనుపమా, మీరు ఎక్కడ ఏ పాత్ర వేసినా ముందు వరసలో ఒక కుర్చీ నాకు ఉంచుతారా? జీవితాంతం?"

"ముందు ఇంట్ల చెప్పాలె," అందామె మెల్లగా. "నాటకం సంగతి సుత, మీ సంగతి సుత."

మొదటి సంగతి ఆ రాత్రే చెప్పింది. రెండోది చెప్పే ధైర్యం చాలలేదు. పోచయ్య రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడోరోజు, "ఏందో చూస్త," అన్నాడట.

మూడో ప్రదర్శనకి ఆయన డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చాడు. భార్య మంగవ్వ పక్కన కూర్చుంది. వాళ్ల పక్కనే ప్రమోద్. బోర్డు ముందు టీచరమ్మ ఆగినప్పుడు పోచయ్య ముందుకి వంగాడు. తెర పడ్డాక కూడా అలాగే ఉండిపోయాడు.

"గిది నా బిడ్డనేనా?" అన్నాడు ఎవరితోనో. తరవాత పక్కకి తిరిగాడు. "నువ్వెవరు బాబు?"

"ప్రమోద్ అండీ. అనుపమకి జావా చెప్పాను."

"వచ్చిందా జావా?"

అబద్ధం ఆడాలనిపించలేదు. "ఒక్క ముక్క రాలేదండీ."

పోచయ్య అతని మొహంలోకి చూశాడు. ఆ తరవాత మీసాల్లోంచి నవ్వాడు. "గిది వచ్చింది గద. సాలు."

అప్పటికి అనుపమ స్టేజీ దిగి వచ్చింది. కూతురు ప్రమోద్ పక్కన నిలబడ్డ తీరు మంగవ్వ ఒక్కసారి చూసింది. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"రేపు ఇంటికి రా బిడ్డా," అంది ప్రమోద్‌తో. "ఈయనకు డ్యూటీ లేదు. కూసొని మాట్లాడుకుందాం."

"అడ్రస్ అండీ?"

"ఎర్రగడ్డల దిగి ఎవరినడిగినా చెప్తరు," అన్నాడు పోచయ్య. "డ్రైవర్ పోచయ్య ఇల్లు అని..." ఆగాడు. కూతురి జుట్టులో మిగిలిన తెల్ల పౌడరుని అరచేత్తో మెల్లగా తుడిచాడు. "కాదు. నాటకాల అనుపమ ఇల్లేదని అడుగు."