ఉర్సో కొట్లో జానెడు వెంట్రుకలు

ఉర్సో తన క్షవరం కొట్లోనే చచ్చి పడి ఉన్నాడు. వెల్లకిలా. గొంతు మీద ఒకటే గాటు.

చర్చిలో రెండో గంట ఇంకా మోగుతూనే ఉంది.

విచారణాధికారి వాల్పెర్ట్ గడప దగ్గరే ఆగి లోపలికి చూశాడు. యాభై ఏళ్ల లొంబార్డు, ఇటలీని ఏలే జాతివాడు. ఛాతీ మీదికి దిగిన నెరిసిన గడ్డం. ఈ కోటలో ఏ నేరం జరిగినా కూపీ లాగడం ఇరవై ఏళ్లుగా అతని డ్యూటీ.

గోడ మూల ఒక పిల్ల కూర్చుని ఉంది. చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. పేరు ఫుస్కా. ఉర్సో బానిస.

"ఇదే చంపింది" అన్నాడు కాపలావాడు. "కోట అధిపతి గిసుల్ఫ్ గారి ఆర్డర్. మధ్యాహ్నం గంట కొట్టేలోగా వేరే హంతకుడు తేలకపోతే దీన్ని ఉరి తియ్యమన్నారు."

వాల్పెర్ట్‌కి ఒళ్లు మండింది. కోటని ముట్టడించి పది రోజులుగా చుట్టూ ఫ్రాంకు సైన్యం గుడారాలు. రాజుగారేమో రాజధాని పావియాలో చిక్కుకుపోయాడు. రోజుకింత మంది చస్తుంటే, ఈ ఒక్క చావుకి మాత్రం ఇంత తొందర!

"నువ్వెక్కడున్నావు?" అని ఆ పిల్లని అడిగాడు.

"నీళ్లకెళ్లానయ్యా. మొదటి గంటకి వెళ్లా. బావి దగ్గర బారెడు వరస. తిరిగొచ్చేసరికి..."

"నిన్నెవరైనా చూశారా?"

"అందరూ చూశారు. బానిసకోసం సాక్ష్యం ఎవరు చెప్తారయ్యా?"

అదీ నిజమే.

"ఉర్సోకి శత్రువులున్నారా?"

"తోళ్లు పదునుపెట్టే లూపోతో నిన్న గొడవైంది. మా అయ్య నోట్లో నువ్వు గింజ నానదు కదా! లూపో పెళ్లాం సంగతేదో ఊరంతా చెప్పాడు."

లూపోని పిలిపించారు. వణుక్కుంటూ వచ్చాడు.

"మొదటి గంట నుంచి చర్చిలోనే ఉన్నానండీ. ఫాదర్ పక్కనే. కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డా."

ఫాదర్‌ని అడిగారు. నిజమే. లూపో అలిబీ గట్టిది.

ఇంతలో మునికిస్ వచ్చాడు. కోట తలుపుల కాపలా దళానికి నాయకుడు. వాల్పెర్ట్ భార్యకి తమ్ముడు. ఎర్ర జుట్టు. దవడ చుట్టూ ఉన్ని గుడ్డ బిగించి ఉంది.

"ఏం బావా, ఇంకా తేల్లేదా? ముసలాడివైపోయావు!"

"ఆ గుడ్డేమిట్రా?"

"పన్ను సలుపు. రాత్రంతా నిద్ర లేదు. త్వరగా కానియ్ బావా, ఈ బానిస పిల్ల కోసం ఇంత తిప్పలెందుకు?"

మునికిస్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

వాల్పెర్ట్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేల మీద, శవం పక్కన, బల్ల కింద అంతా వెంట్రుకలే. పొద్దుట్నుంచి అందరూ వాటిని తొక్కుకుంటూనే తిరిగారు. క్షవరం కొట్లో వెంట్రుకలు కాక బంగారం ఉంటుందా అనుకున్నారు.

"ఫుస్కా, కొట్టు ఊడ్చేదెప్పుడు?"

"పడుకునే ముందు ఊడ్చేస్తానయ్యా. రాత్రి కూడా ఊడ్చా."

వాల్పెర్ట్ ఒక పోగు ఏరి వెలుతురులో పెట్టాడు. జానెడు పొడుగు. ఎర్రటివి. మెలి తిరిగి మొరటుగా ఉన్నాయి.

అతని చెయ్యి తెలియకుండానే తన గడ్డం మీదికి వెళ్లింది.

*

మధ్యాహ్నం గంటకి ఇంకా అరగంట ఉంది. గిసుల్ఫ్ సావిట్లో అందరూ నిలబడ్డారు.

"దొరా, ఉర్సో దగ్గరికి వచ్చేది ఊళ్లోని రోమన్లు" అన్నాడు వాల్పెర్ట్. "వాళ్ల గడ్డాలు బెత్తెడు దాటవు. జానెడు గడ్డం మన లొంబార్డులదే. దాని మీద కత్తెర పడనివ్వం. మరి ఈ పొద్దున ఎవడు పడనిచ్చాడు?"

వాల్పెర్ట్ సావిడంతా ఓసారి కలయజూశాడు.

"ఫ్రాంకుల కాళ్ల మీద పడదల్చుకున్నవాడు! గడ్డం తీయించుకుని వెళ్తే లొంగినట్టు లెక్క. ఆ సంగతి ఉర్సోకి తెలిసింది. ఉర్సోకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అందుకే చంపేశాడు."

రెండు అంగల్లో వెళ్లి మునికిస్ దవడ మీది గుడ్డ లాగేశాడు.

నున్నగా గొరిగిన దవడ. చక్కగా దువ్విన మీసం. అచ్చం ఫ్రాంకులా.

"కంచే చేను మేసింది దొరా!"

మునికిస్ మొహంలో బెదురు లేదు. "గొరిగించుకున్నా. అయితే చంపినట్టేనా? నేను స్వతంత్రుణ్ణి. పన్నెండుమందితో ప్రమాణం చేయించే హక్కు నాకుంది."

చట్టం అదే. పన్నెండుమంది ఆయుధం మీద చెయ్యి వేసి వీడు చెయ్యలేదంటే, చెయ్యనట్టే.

కాపలా దళం వాళ్లు పన్నెండుమంది వచ్చారు. బురుజు మీద చలి కదా, అందరి మొహాలకీ ముసుగులు. ప్రమాణానికి మొహం కప్పుకోకూడదు. ఒక్కొక్కరే ముసుగు తీశారు.

ఒక్కడికీ గడ్డం లేదు.

చెంపల నిండా గాట్లు. ఒకళ్లనొకళ్లు కత్తులతో గొరుక్కున్నారు పాపం. ఫ్రాంకు సేనాని ముందు నిలబడాల్సినవాడు గనక మునికిస్ ఒక్కడే సోకుగా చేయించుకున్నాడు. ఆ సోకుకి ఉర్సో ప్రాణం పోయింది.

పన్నెండుమందీ ప్రమాణం చేశారు.

గిసుల్ఫ్ మొహం పాలిపోయింది. కోట తలుపుల తాళాలు వీళ్ల చేతిలోనే ఉన్నాయి.

"మునికిస్ నిర్దోషి" అన్నాడు.

"దొరా! మీ కళ్లతో చూశారు కదా!"

"చూశాను. నా కళ్లు చట్టం కాదు వాల్పెర్ట్."

"మరి ఉర్సోని ఎవరు చంపినట్టు?"

గిసుల్ఫ్ ఫుస్కా వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. ప్రమాణం చేసే హక్కు బానిసకి లేదు.

"దాన్నిప్పుడే ఉరి తియ్యకండి" అన్నాడు మునికిస్ తాపీగా. "రేపు పొద్దున తలుపులు తీస్తున్నాం. గడ్డంతో కనబడినవాణ్ణి ఫ్రాంకులు బతకనివ్వరు. చీకటిపడేలోగా మగాళ్లందరికీ గడ్డాలు తియ్యాలి. ఊళ్లో ఆ పని తెలిసింది ఇప్పుడిదొక్కటే."

"తర్వాత?" అన్నాడు వాల్పెర్ట్.

"తర్వాతేముంది? ఆఖరి గడ్డం అయ్యాక తీర్పు అమలు చేస్తారు."

వాల్పెర్ట్ గిసుల్ఫ్ కాళ్లు పట్టుకున్నాడు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. వాల్పెర్ట్ మునికిస్ దగ్గరికి వెళ్లాడు. "ఒరేయ్, మీ అక్క మొహం చూసైనా..." అన్నాడు.

"అక్క కోసమే నిన్ను వదిలేస్తున్నా బావా. వెళ్లి వరసలో నిలబడు."

వరస చర్చి దాకా సాగింది. ఫుస్కా కత్తెర ఆడిస్తూనే ఉంది. పెద్దవాళ్లు ఏడుస్తున్నారు. కింద పడ్డ గడ్డాలని కొందరు మూట కట్టుకుంటున్నారు.

వాల్పెర్ట్ వంతు వచ్చింది. వెనకవాణ్ణి ముందుకి పంపాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాడు. అలా ఎన్నిసార్లో. ఫుస్కా ప్రతిసారీ చూస్తూనే ఉంది.

పొద్దు వాలింది. వెనక్కి తిరిగాడు. ఇంకెవరూ లేరు. గుమ్మం దగ్గర కాపలావాడు తాడు పట్టుకుని నిలబడ్డాడు.

వాల్పెర్ట్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఫుస్కా అతని మెడ చుట్టూ గుడ్డ కప్పింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నెమ్మదిగా కానియ్ తల్లీ" అన్నాడు. "ఒక్కో వెంట్రుకే తియ్యి."