డేగ పట్టిన దారి

మంజీరపురం రాజ్యంలో ఏడాదిగా ఏ ఇంటా పండుగ జరగలేదు. యువరాజు అరుణసేనుడు రాజవనంలో వేటకు వెళ్ళి మాయమయ్యాడు. మామిడితోపులు, పచ్చికబయళ్ళు, గుట్టలతో ఏడు క్రోసుల మేర పరుచుకున్న ఆ వనాన్ని భటులు గాలించినా జాడ దొరకలేదు. ఆనాడు యువరాజు వెంట వెళ్ళిన డేగ అనే వేటకుక్క మాత్రం కుంటుకుంటూ ఒంటరిగా తిరిగివచ్చింది.

"నా బిడ్డను వదిలివచ్చిన కుక్క నా కంటబడకూడదు" అని మహీధర మహారాజు దాన్ని గొలుసుతో కట్టించాడు. ఏడాది గడిచాక, ముసలిదైపోయిన ఆ కుక్కను రాజ్యం పొలిమేర దాటించి వదిలేయమన్నాడు.

కుక్కలసాల కాపరి పోలయ్య కూతురు పైడి ఆ మాట విని అన్నం ముట్టలేదు. ఏడేళ్ళ వయసులో తాను కొలనులో పడితే జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది డేగే. ఆమె తిన్నగా కొలువుకు వెళ్ళి రాజుకు మొక్కింది.

"మారాజా, రేపు దాన్ని పంపించెయ్యండి. ఇయ్యాల ఒక్కరోజు రాజవనంలో తిప్పుకురానియ్యండి. ఏడాదై అది గడ్డి మీద కాలు పెట్టలేదు."

రాజు ఆమె వంక చూడకుండానే సరేనన్నాడు.

లేత ఎండలో డేగ ప్రతి పొదనూ వాసన చూసింది, పచ్చికలో పొర్లింది. దాని సంబరం చూసి పైడికి కళ్ళు చెమర్చాయి. మామిడితోపు చివరికి రాగానే డేగ చెవులు నిక్కబొడుచుకుని, ఆమె చేతిలోని తాడును గుట్టల వైపు లాగింది. "సరే, నీ ఇష్టం" అని పైడి వెంట నడిచింది.

గుట్టల వెనుక ముళ్ళపొదలు గోడలా అడ్డం నిలిచాయి. ఆ పొదల ముందు ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయీ, నీ కుక్క యువరాజు పోయిన దారి పట్టింది. దాన్ని నాకిచ్చి వెళితే ఈ పొదల్లో దారి చేస్తాను. యువరాజును తెస్తే రాజు నీకు ఏదైనా ఇస్తాడు" అన్నాడు ముని.

యువరాజు దొరికితే రాజ్యమంతా తేరుకుంటుంది. కానీ ఆమె డేగను దగ్గరికి తీసుకుంది.

"నా పాణం నిలిపింది ఇది, సామీ. దీన్నిచ్చేసి పోలేను. ముళ్ళలోంచే పోతాం" అంటూ తన ఓణీ డేగకు చుట్టి పొదలోకి అడుగు వేసింది. ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు. పొదలు రెండుగా విడిపోయాయి.

"నిన్ను పరీక్షించాను తల్లీ. తోడును విడవని మనిషికే ఈ మాయ లొంగుతుంది. వెళ్ళిరా" అన్నాడు ముని.

అవతల ఒక వాగు ఉరకలు వేస్తోంది. సగం దాటేసరికి డేగ కాళ్ళు తేలిపోయాయి. పైడి దాన్ని వీపున ఎత్తుకుని ఓణీతో గట్టిగా కట్టుకుంది. రొమ్ములోతు నీటిలో రాళ్ళు తడుముకుంటూ ఒడ్డు చేరింది.

ఆ ఒడ్డున నూరు జింకలు మేస్తున్నాయి. వాటి మధ్య తాటిచెట్టంత రాక్షసి ఒక జింకపిల్లను ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది.

"మీ యువరాజు సరదాకు దీని తల్లిని చంపాడు. అందుకే వాణ్ణీ జింకను చేశాను. పొద్దుగుంకేలోగా వాడెవరో చెబితే తీసుకుపో. తప్పు చెబితే నువ్వూ నీ కుక్కా ఈ మందలో మేస్తారు" అంది రాక్షసి.

పైడి ఎంత చూసినా అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. డేగ గాలిలో ముట్టె ఎత్తి వాసన చూసి మూలిగింది. జింకగా మారిన యువరాజు ఒంట్లో పాత మనిషివాసన మిగల్లేదు. ఎండ గుట్టల అంచుకు జారింది.

"నాకు తెలీటం లేదురా. నువ్వే పో" అని పైడి తాడు విప్పేసింది.

డేగ ఒక్కసారి మొరిగి కుంటుతూనే పరుగెత్తింది. జింకలన్నీ చెల్లాచెదురై పారిపోయాయి. ఒక్కటి మాత్రం కదలక నిలబడి, మెడ వంచింది. డేగ దాని ముఖం నాకింది.

"ఇతనే. కుక్కను చూసి పారిపోనివాడు ఇతనొక్కడే" అంది పైడి.

రాక్షసి జింకపిల్లను కిందికి దించి, లేచి ఆ జింక నుదుట వేలు ఆనించింది. జింక ఉన్నచోట అరుణసేనుడు నిలబడి ఉన్నాడు. అతడు ముందుగా రాక్షసికి చేతులు జోడించాడు.

"అమ్మా, అడుగుల చప్పుడు వింటే జింకకు గుండె ఎలా జారుతుందో ఏడాదిగా తెలుసుకున్నాను. ఇక ఈ వనంలో వేట ఉండదు" అన్నాడు. ఆ పైన డేగను కౌగిలించుకుని ఏడ్చాడు.

పొద్దుపోయాక ముగ్గురూ కోట చేరారు. మహారాజు కొడుకును గుండెకు హత్తుకుని, వంగి డేగ ముందు మోకరిల్లాడు. "నా దుఃఖంలో నిన్ను తప్పుబట్టాను, మన్నించు" అన్నాడు. డేగ ఆయన చేతిని నాకింది. రాజు రాజవనం ఏలుబడినంతా పైడికి అప్పగించాడు.

మర్నాడు పొద్దున్నే అరుణసేనుడు కుక్కలసాలకు వచ్చాడు. "నేనూ నడకకు వస్తాను. ఎటు వెళదాం?"

"దాన్నే అడగండి, బాబుగారూ" అంది పైడి.

డేగ పదడుగులు నడిచి, ఎండ పడే చోట హాయిగా పడుకుంది. వాళ్ళిద్దరూ నవ్వుకుని, దానికి చెరోపక్కా గడ్డిలో కూర్చున్నారు.