ఉప్పాడ చీరలో పాత కార్డు

రాజమండ్రి పాత ఇనుప సామాన్ల బజారులో అబ్రహాము గారు తన కొట్లో కుర్చీలో కూర్చున్నట్టే పోయారు. చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతోంది, మెడ వెనక మాత్రం దోమ కుట్టినంత గాటు. పక్కనున్న బీరువా బార్లా తెరిచి ఉంది.

గంట తిరక్కుండా ఏజెంట్ ఐజాక్‌కి పిలుపొచ్చింది. డిపార్ట్‌మెంట్ ఆఫీసు బయటికి హోమియో క్లినిక్. అనుమానం రాకుండా చీఫ్ శివరామకృష్ణ గారు రోజూ వచ్చిన రోగులకి నాలుగు పొట్లాలు ఇచ్చి పంపుతారు. విచిత్రమేమంటే కొందరికి నిజంగానే తగ్గుతుంది.

"పోయింది అవుట్‌పుట్ కార్డు," అన్నారు చీఫ్. "రామసానిలంక దగ్గర పాయ మీద వరద గేట్లున్నాయి కదా. అవి లేవాలంటే కంట్రోల్ ప్యానెల్లో ఆ కార్డుండాలి. ఉన్నది మొన్న కాలిపోయింది. కంపెనీవాడు ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశాడు. అబ్రహాము గారు ఎక్కడెక్కడో గాలించి ఒక్కటి సంపాదించారు."

"గేట్లు చేత్తో లేపలేమాండి?"

"ఆ చక్రాలు తుప్పుపట్టి ఊడిపోయాయయ్యా. రేపు సాయంత్రానికి వరద. ఉన్న పడవలు సగం ఊరికి కూడా చాలవు."

ఐజాక్ కిటికీలోంచి బయటికి చూశాడు. రామసానిలంక బడిలో అతని అక్క ఆశాజ్యోతి టీచరు.

"ఎవరి పని?"

"మార్కస్. పాత మెషీన్ల స్పేర్ పార్టులు ప్రపంచమంతా కొని దాచేస్తున్న ముఠా. మనకి నకిలీ కార్డు అంటగడతాడు. పెట్టామా, మోటార్లు మాడిపోతాయి. ఒక ఊరు మునిగితే చాలు, మిగతావాళ్ళంతా అతను చెప్పిన ధరకే కొంటారు. అతని దగ్గర మన మనిషి ఒకావిడ ఉంది. సారిక."

"పూర్తిగా మన మనిషేనాండి?"

"అది ఆవిడకే తెలియాలి."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చారు. రాయడానికి పనికిరాదు. కార్డుకి ఆనిస్తే అసలుదైతే పచ్చలైటు, నకిలీదైతే ఎర్రలైటు వెలుగుతుంది.

మధ్యాహ్నానికల్లా ఐజాక్ ఉప్పాడలో హోల్‌సేల్ చీరల వ్యాపారి. గుబురు పెట్టుడుమీసం, వేలికో ఉంగరం. కిందటేడు వీధి ఉన్న చోట ఇప్పుడు అలలున్నాయి. నేతగత్తె చిట్టెమ్మ మగ్గం పక్కన నల్లకళ్ళద్దాల సారిక కూర్చుని ఉంది. ఆవిడ తల తిప్పితే నేసేవాళ్ళకి పోగు తప్పుతోంది.

"ఈ అంచు ఇంకా దొరుకుతుందాండి?" ఐజాక్ కోడ్ అడిగాడు.

"నేసినవాడు పోయాడండి." ఆవిడ కోడ్ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "అబ్రహాము గారి కార్డు మార్కస్ పెట్టెలో ఉంది. తీసి ఎర్రంచు చీరలోనో నీలం అంచు చీరలోనో పెట్టి పంపుతాను. అతను పసిగడితే రెండోదాంట్లో నకిలీది పంపుతాడు. అసలుది ఎందులో ఉందో ఫోన్లో చెబుతాను. మీ మీసం ఊడుతోంది."

"సముద్రపు గాలండి."

ఆవిడ లేచింది. "వెళ్తానండి."

చిట్టెమ్మ మగ్గంలో ఆడే నాడె ఆపేసింది. "అదేం మాటమ్మా? గడప దగ్గర వెళ్తాననకూడదు. వెళ్ళొస్తానను. ఎక్కడ పెరిగావేంటి?"

"ఢిల్లీలో పిన్నిగారూ," సారిక నవ్వింది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగింది. ఐజాక్ వైపు తిరిగింది. "మార్కస్ పుస్తకాలు చదివి తెలుగు నేర్చుకున్నాడు. నా ఫోన్లన్నీ వింటాడు. ఈ మాట అతని పుస్తకంలో ఉండదు. నేను వెళ్తానన్నానంటే, అంతకుముందు చెప్పింది అబద్ధమని."

"అలాగేనండి. ఇదయ్యాక ఆదివారం మా అక్క ఇంటికి రావాలి. చర్చి అయ్యాక చేపల పులుసు పెడుతుంది."

"వేషంలోనా, మామూలుగానా?"

"మామూలుగా ఎలా ఉంటారో నేనూ చూడలేదు కదండీ."

"వెళ్ళొస్తానండి," అంది సారిక, ఒక్కో అక్షరం ఒత్తి.

మర్నాడు సాయంత్రం వరద రానే వచ్చింది. కంట్రోల్ రూము మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. ఆపరేటర్ గంగరాజు ముందు బల్ల మీద రెండు చీరలు, వాటిలో అచ్చం కవలల్లాంటి రెండు కార్డులు. ఎర్రంచుది బస్సు డ్రైవరు ఇచ్చి వెళ్ళాడు. నీలం అంచుది ఎవడో మోటార్‌సైకిల్ మీద తెచ్చాడు. ఇద్దరూ సారిక గారు పంపారనే అన్నారు.

ఐజాక్ పెన్ను ఆనించాడు. లైటు వెలగలేదు. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"బ్యాటరీ అయిపోయి ఉంటుందయ్యా," అన్నారు చీఫ్ నీరసంగా. "ఆ సైజు ఇప్పుడు రావట్లేదు."

అంతలో సారిక ఫోన్. ఐజాక్ స్పీకర్ పెట్టాడు.

"నీలం అంచు చీరలోది అసలు కార్డండి. అదే పెట్టండి."

ఐజాక్ ఫోన్ మీదికి వంగాడు. "ఆదివారం పులుసుకి వస్తున్నారాండి?"

"రావాలనే ఉందండి. ఇక వెళ్తాను."

ఐజాక్ ఎర్రంచు చీర విప్పాడు.

"ఆవిడ నీలం అన్నారు కదండీ?" గంగరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"అందుకేనండి ఎరుపు."

నీళ్ళు గడప దాటి కాళ్ళకి తగిలాయి. కార్డు లోపలికి వెళ్ళింది. ప్యానెల్ ఒకసారి గొంతు సవరించుకున్నట్టు గరగరలాడింది. తర్వాత గేట్లు ఒకదాని వెనక ఒకటి లేచాయి. నది సముద్రం వైపు పరుగు పెట్టింది. గంగరాజు ఆ నీళ్ళలోనే కూలబడి ఏడ్చేశాడు.

ఫోన్ ఇంకా కట్ అవలేదు. ఆవిడే కట్ చెయ్యలేదు. ఏ తెలుగు మాస్టారూ తప్పు పట్టలేని గొంతు ఒకటి వినిపించింది. "గేట్లు ఎట్లు లేచినవి? నీవు అతనికి ఏమి చెప్పితివి?"

"వెళ్తానని చెప్పానండి. అంతే."

తుపాకీ పేలింది.

ఆ ఫోన్ సిగ్నల్ పట్టుకుని డిపార్ట్‌మెంట్ వాళ్ళు యానాం దగ్గర మార్కస్‌ని చుట్టుముట్టారు. సారిక అక్కడే నేల మీద పడి ఉంది, నల్లకళ్ళద్దాలు లేకుండా. మామూలుగా ఎలా ఉంటుందో ఐజాక్ అప్పుడు చూశాడు.

ఆదివారం ఆశాజ్యోతి మూడు కంచాలు పెట్టింది. మూడో కంచం గురించి తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. తీయనూ లేదు. పులుసు చల్లారిపోయాక చీఫ్ ఫోన్ చేశారు.

"అర్జెంటుగా కొత్త మిషన్ ఉందయ్యా. సారిక లాంటి మనిషే కావాలి. నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఐజాక్ మూడో కంచం వైపు చూశాడు.

"లేరండి. ఆ మోడల్ తయారీ ఆపేశారు."